పదకొండో అధ్యాయం చదివినదెవరు?

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. అద్దం మీద వెంట్రుకవాసి గీత ఉన్నా వెలుతురుకెత్తి కనిపెట్టగలదు; గీత లేకపోతే, ఎందుకు లేదా అని మరొకసారి ఎత్తి చూస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో మా చదువరుల గుంపుకు పెద్దగా ఉన్న ఆమెను అందరూ ‘భూతద్దం’ అంటారు. ఆ పేరు తనకు తెలియదని అందరూ అనుకుంటున్నారని కూడా ఆమెకు తెలుసు.

చదివిన పుస్తకం మీద ఎవరికి తోచినది వారు రాసుకునే గుంపు అది. రచయితలు కూడా చేరవచ్చు. అయితే రెండేళ్ళ క్రితం ఒక రచయిత తన పుస్తకం బాగాలేదన్న పాఠకురాలితో మూడు రోజులు వాదించి, ఆమె మళ్ళీ కలం పట్టకుండా చేశాడు. ఆనాడు భూతద్దమే ఒక నియమం రాసింది: తన పుస్తకం మీద వచ్చిన సమీక్ష కింద రచయిత నోరు విప్పరాదు, మారుపేరుతో అసలే రారాదు. చేరే ప్రతి రచయితా ‘ఒప్పుకుంటున్నాను’ అని రాసి చేరవలసిందే. తప్పినవారి పేరు, వారి పుస్తకం పేరు శాశ్వతంగా తొలగిపోతాయి.

ఈ ఏడు అలా ఒప్పుకొని చేరినవారిలో లిఫ్టులు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మెకానిక్కు ఉన్నాడు. తన పనిని గురించి పది అధ్యాయాల పుస్తకం రాసి సొంతంగా అచ్చువేయించుకున్నాడు. పుస్తకాల షాపులేవీ తీసుకోలేదు. దానికున్న పాఠకులందరూ మా గుంపులోనివారే. ఇక్కడ పేరు పోతే ఆ పుస్తకం అటక మీదికే.

దాని మీద బస్సు కండక్టరు ఒకామె సమీక్ష రాసింది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య, ఖాళీ బస్సు వెనక సీటులో కూర్చొని రాసిన ఆ సమీక్ష ఆమె జీవితంలో మొదటిది. “మెకానిక్కుగారు ఊళ్ళోని లిఫ్టులన్నింటినీ పేరుపేరునా తలుచుకున్నారు. ముప్పై ఏళ్ళు అన్నం డబ్బా కట్టిచ్చిన ఇల్లాలిని మాత్రం ఒక్క స్టాపులోనూ ఎక్కించుకోలేదు” అని ముగించింది.

మరునాడు మధ్యాహ్నం దాని కింద ‘పాత తాళం’ అనే పేరు ప్రత్యక్షమైంది. నెల క్రితం చేరి, ఇతర పుస్తకాల కింద అప్పుడప్పుడు ఒక మాట రాసిపోతున్న మారుపేరు అది.

“భార్య సంగతి పదకొండో అధ్యాయంలో ఉంది కదండీ. ఆవిడ లిఫ్టులో చిక్కుకుపోయిన రోజు గురించి చదివి కూడా ఇంత మాటంటారా? చదవకుండానే రాసేస్తారా మీరు?”

“నా పుస్తకంలో పదే ఉన్నాయి బాబూ,” అని కండక్టరు జవాబిచ్చింది. “పదకొండోది మీ ఇంట్లో గానీ ఉందా?”

ఆ మాటతో గుంపంతా కలకలం రేగింది. అచ్చులో లేని అధ్యాయం రాసినవాడికి గాక ఎవరికి తెలుస్తుంది? భూతద్దం వెంటనే అదే సమీక్ష కింద అందరూ చూసేలా మెకానిక్కును అడిగింది: “ఈ పాత తాళం మీరేనా? శనివారం సాయంత్రంలోగా చెప్పండి.”

మెకానిక్కు ఆ ప్రశ్న చూసినట్లు గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు.

చూసి కూడా పలకలేదంటే అర్థమేమిటి? ఆమె నోటు పుస్తకం తీసి రాసుకొంది: పాత తాళం రాసేది మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండుకూ మధ్య. ఆదివారం ఒక్కమాట కూడా రాయడు. మెకానిక్కు ఇంటికి ఆదివారం కూతురూ అల్లుడూ వస్తారు కాబోలు, వారి ముందు రాయడానికి మొహం చెల్లదు. అన్నీ అతికినట్లు సరిపోయాయి. ఇంత చక్కగా సరిపోయిన అద్దాన్నయితే ఆమె మరొకసారి ఎత్తి చూసేది. మనిషి విషయంలో ఆ పని చేయలేదు.

కండక్టరు ఫోను చేసింది.

“అక్కా, నేను తప్పుకుంటా. సమీక్ష తీసేస్తా. చదవకుండా రాశానన్నాడు చూడు, అది గుచ్చుకుంది. టికెట్టు లేనివాణ్ణి కూడా నేనంత మాటనలేదు.”

“శనివారం దాకా ఆగవే. దొంగ దొరికాడు.”

“ఆయనే అంటావా? పుస్తకంలో పాపం నెమ్మదస్తుడిలా ఉన్నాడే!”

“నెమ్మదస్తులనే నేను ముందు చూస్తాను.”

శనివారం ఉదయం దుకాణం తలుపు తెరుచుకుంది. చేతిలో వదులైన కళ్ళజోడుతో వచ్చినది మెకానిక్కే. పుస్తకం వెనక అట్ట మీది ఫొటో వల్ల ఆమె గుర్తుపట్టింది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. మరలు బిగిస్తూ, తలెత్తకుండా, తానే ఆ గుంపు పెద్దనని చెప్పింది.

ఆయన లేచి నిలబడ్డాడు. “మీరేనామ్మా? నమస్కారం.”

“నమస్కారాలకేం గానీ, నేనడిగినదానికి జవాబివ్వలేదేం?”

“ఎలా ఇస్తానమ్మా? సమీక్ష కింద నోరు విప్పనని ఒప్పుకొని చేరాను కదా. మీరడిగింది సమీక్ష కిందనే.”

ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“లిఫ్టులో ‘ఇంతమందే ఎక్కాలి’ అని రాసుంటే, ఇంకొకరు ఎక్కితే ఏమవుతుందని నేనెప్పుడూ పరీక్షించలేదు,” అన్నాడాయన. “రాసినవాళ్ళు ఏదో ఆలోచించే రాసి ఉంటారు.”

ఆ రాసినది తానే. మాట్లాడవద్దని నోటికి తాళం వేసి, మాట్లాడలేదు గనుక దొంగ అని తీర్పు రాసిపెట్టుకున్నది కూడా తానే. అయినా అనుమానం అంత తొందరగా కుర్చీ దిగుతుందా?

“మరి పదకొండో అధ్యాయం?”

ఆయన మొహం చిన్నబోయింది. “ఉండేదమ్మా. మా ఆవిడ చదివి, ‘నేనేడ్చిన సంగతి ఊరంతా ఎందుకు? తీసెయ్యండి’ అంది. తీయించేశాను. ఇప్పుడది బయటికొచ్చిందని తెలిసి నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నేనే ఎక్కడో వాగానని ఆవిడ అనుమానం.”

“ఎవరెవరు చదివారు దాన్ని?”

“ఇద్దరే. ఆవిడ, ప్రెస్సులో పేజీలు కట్టినాయన.”

“ఏ ప్రెస్సు?”

ఆయన చెప్పాడు. ఆమె అడగకుండా ఉంటే బాగుండేది. పొద్దున తాను అన్నం డబ్బా కట్టి పంపినది ఆ ప్రెస్సుకే. అక్కడ పేజీలు కట్టేది ఒక్కడే మనిషి. భోజనం వేళ ఒంటిగంట. ఇక ఆదివారం ఆ మనిషి పొద్దస్తమానం ఆమె ఎదురుగానే కూర్చుంటాడు, ఫోను ముట్టుకోకుండా, బుద్ధిమంతుడిలాగా.

సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే అడిగింది. “పాత తాళం ఎవరు?”

ఆయన ముందు గోడను చూశాడు, తరువాత తల్లిని చూశాడు. అత్తగారు బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి ఆసక్తిగా సర్దుకొని కూర్చుంది.

“అది కాదే… పేజీలు కట్టేటప్పుడే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పుస్తకం మొత్తంలో మంచి అధ్యాయం అదే. అందులో భార్య మాటే లేదని ఆ కండక్టరు అనేసరికి చెయ్యి ఊరుకోలేదు.”

“ఆ ఇల్లాలు దాన్ని తీసేయమన్నది మీకు తెలుసుగా?”

“తెలుసు. ఆ ఊపులో అది అచ్చులో లేదన్న సంగతే మరిచిపోయా.”

“ఆయన మీద నింద పడినప్పుడైనా చెప్పొచ్చుగా!”

“చెబుదామనే అనుకున్నా. నువ్వు నోటు పుస్తకం పట్టుకొని కూర్చున్నావు. భయమేసింది.”

అత్తగారు మళ్ళీ చేట అందుకుంది. “చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతికినట్టుంది. వీడి పొట్టలో చిన్నప్పుడు కూడా ఏ మాటా దాగేది కాదు. నన్నడిగితే మొదటిరోజే చెప్పేదాన్ని కదమ్మాయ్!”

భూతద్దం ఆ రాత్రికి కూడా ఆగలేదు. పాత తాళం మాటలన్నీ తీసివేసి, ఆ పేరునూ తొలగించింది. పిమ్మట సమీక్ష కింద రాసింది: “ఆ పేరు మా ఇంటిది, రచయితది కాదు. నియమం పాటించినందుకే ఆయనను నేను అనుమానించాను. ఇకమీదట ఎవరినైనా విడిగా అడిగి, విన్న తరువాతే నలుగురిలో మాట్లాడతాను. రచయిత కోరితే ఈ ఒక్కసారి ఇక్కడ జవాబు రాయవచ్చు.” ఆదివారం భర్తను వెంటబెట్టుకొని మెకానిక్కు ఇంటికి వెళ్ళింది. ఆ ఇల్లాలి ముందు తన భర్త చేతులు కట్టుకొని నిలబడి, వాగినది తానేనని ఒప్పుకొనేదాకా గుమ్మం దగ్గరే కాపలా కాసింది. ఇల్లాలు మెకానిక్కువైపు తిరిగి, “మజ్జిగ తెండి” అంది. అయిదు రోజుల తరువాత అది మొదటి మాట.

కండక్టరు గుంపులోనే ఉండిపోయింది. “పేజీలు కట్టే బావగారు తరువాతి స్టాపులో దిగవలెను” అని మాత్రం రాసింది.

మెకానిక్కు జవాబు రాయలేదు. కండక్టరు సమీక్షకు ‘నచ్చింది’ అనే గుర్తు నొక్కి ఊరుకున్నాడు.

గంటలోపే ముగ్గురు సభ్యులు భూతద్దానికి ఫిర్యాదు పంపారు: నచ్చిందని నొక్కడం నోరు విప్పినట్టా, కాదా? ఆమె నోటు పుస్తకం తీసింది. ఒక కొత్త పేజీ తిప్పి, ఏమీ రాయక, ముందుగా మెకానిక్కుకు విడిగా ఫోను చేసింది.