వనపర్తి బారు తలుపు బయట మా శ్రీలత పెళ్లిచూపులు

ఇందుమూలంగా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దారుల్లో బస్సెక్కే సమస్త జనులకు తెలియజేయడమేమనగా: కిటికీ పక్క సీటు మీద ముందుగా కర్చీఫ్ విసిరినవాడిదే ఆ సీటు. కిటికీలోంచి విసిరినా చెల్లుతుంది. కర్చీఫ్ సీటు మీద కాక ఎవరి ఒళ్లోనో పడితే మాత్రం సీటూ లేదు, కర్చీఫ్ తిరిగి అడిగే హక్కూ లేదు. ఇక మూడో మాట: పెళ్లిచూపులకు చోటు వెతికే పని మైకుసెట్లు, టెంట్లు కిరాయికిచ్చే పదో తరగతి తప్పిన మేనమామకు ఎన్నడూ అప్పగించరాదు. మొదటి రెండూ మరిచిపోయినా మీకు నష్టం లేదు. మూడోదాని కోసమే ఇంత రాస్తున్నాను.

ఆ మేనమామను నేనే. ఉండేది నాగర్‌కర్నూల్‌లో. మా అక్క వాళ్లది తెలకపల్లి దగ్గర ఒక పల్లె. ఆమె పెద్ద కూతురు శ్రీలతకు ఇరవై మూడేళ్లు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బ్లౌజులు కుడుతుంది, చేయి తిరిగిన మనిషి. అక్కా బావా ఏళ్ల తరబడి పూణె దిక్కు మేస్త్రీ పనులకు పోతే శ్రీలత, చెల్లెలు పావని నాయనమ్మ దగ్గరే పెరిగారు. అప్పుడే ఇద్దరూ చేతులతో ఒక భాష కట్టుకున్నారు. అన్నం, నీళ్లు, బర్రె, రా, పో వరకు మా అక్కకూ తెలుసు. అంతకు మించిన మాటలన్నీ పావని ఒక్కతికే తెలుసు. పావనికి పదహారు, ఇంటర్ మొదటి ఏడాది. ఈ పదహారును మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

అంతకుముందు శ్రీలతను చూడడానికి రెండు సంబంధాలవాళ్లు ఇంటికొచ్చారు. చాయ్ తాగారు, అందరితో మాట్లాడారు, ఆమెతో తప్ప. అందుకే ఈసారి ఆ పిల్ల గట్టిగా చెప్పింది. ఇంటికెవరూ రావద్దు, బయట కలుద్దాం. అబ్బాయిని తను ఒక మాట అడుగుతుంది. జవాబు నచ్చితేనే పెళ్లి. గద్వాలలో చీరలు నేసే రాఘవేంద్ర, అతని తల్లి దీనికి ఒప్పుకున్నారు. మావాళ్లూ మగ్గం ఇంటివాళ్లే. కాకపోతే మా దిక్కు మగ్గాలు ఎప్పుడో ఆగిపోయాయి. రెండూళ్లకూ నడుమ వనపర్తి ఉంది కాబట్టి, అక్కడ చోటు చూడమని అక్క నాకు చెప్పింది.

ఆదివారం పది గంటలకు అక్కా, ఇద్దరు పిల్లలూ, నేనూ నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సెక్కాం. బిజినేపల్లి మీదుగా గంటంబావు పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బుల్లేవు. ముగ్గురికీ సున్నా టికెట్లు వచ్చాయి, నాకు అరవై రూపాయల దాకా అయింది.

"ఏం అన్నా, ముగ్గురు లచ్చుములను ఎంబడి పెట్టుకొని నువ్వొక్కనివే పైసలు కడ్తున్నవ్?" అంది కండక్టరమ్మ. తర్వాత పావనితో, "కార్డు చేతులనే పట్టుకో బిడ్డా, మళ్ల బస్సు మారినా అడుగుతరు" అని చెప్పింది. మా పావని మాట వినే పిల్ల. కార్డును చేతిలోనే పట్టుకుంది.

బిజినేపల్లి దాటాక పల్లీ చేలు, మధ్యమధ్య ఒంటరిగా కూర్చున్న గుండ్ల గుట్టలు. చలి వెళ్లిపోయి ఎండ ఇంకా ముదరని రోజులు. ఆ వెలుగులో దూరంగా పల్లీ పీకుతున్న మనుషులు నీళ్ల అడుగున కదులుతున్నట్టు మెల్లగా కనిపిస్తున్నారు. ముందు సీట్లో అక్కాచెల్లెళ్ల చేతులు ఎడతెగకుండా మాట్లాడుకుంటున్నాయి.

"ఏమడుగుతదే మీ అక్క? పిల్లగాని సంపాదన ఎంతనా?" అన్నాను.

పావని అక్క వైపు చూసి, చేతులతో ఏదో అడిగి, నా వైపు తిరిగింది. "చెప్పమంటుంది మామా. 'రాత్రిపూట కరెంటు పోతే నాతోని ఎట్ల మాట్లాడుతవ్?' గిదే అడుగుతదంట."

నిజమే కదా. దీపం ఆరితే ఆమెకు లోకం మొత్తం నోరు మూసుకుంటుంది. ఇంట్లో అయితే చీకట్లో పావని ఆమె అరచేతిలో వేళ్లతో నొక్కి కబుర్లు చెబుతుంది. రేపు అత్తారింట్లో ఎవరు చెబుతారు?

వనపర్తిలో నేను చూసిపెట్టిన చోటు బస్టాండుకు ఐదు నిమిషాల నడక. బోర్డు మీద ఆటోలోంచి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో 'ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్'. దాని కింద, మెడ చాచి చదవాల్సినంత చిన్నగా, 'అండ్ బార్'. దోస్తులతో రెండుసార్లు వచ్చాను. కోడికూర బాగుంటుంది, చల్లగా ఉంటుంది, మాటలు కుదిరాక మూలకు కూర్చొని ఒక బీరు తాగొచ్చు. ఈ ఆఖరి కారణం అక్కకు చెప్పలేదు. అసలు అది బారన్న సంగతే ఎవరికీ చెప్పలేదు.

గద్వాలవాళ్లు అప్పటికే వచ్చి లోపల కూర్చున్నారు. అక్క, శ్రీలత నల్ల అద్దాల తలుపు తోసుకొని లోపలికి వెళ్లారు. వెనకున్న పావనికి మేనేజర్ చేయి అడ్డం పెట్టాడు. కళ్లద్దాల మనిషి, నా వయసువాడే.

"ఈ పాపకు ఎన్నేండ్లు?"

"ఇరవై ఒకటి" అన్నాను. "మా దిక్కు నీళ్లకు పిల్లలు జర పొట్టిగనే పెరుగుతరు."

నా మాట పూర్తి కాకముందే పావని అలవాటుగా కార్డు చాపింది. పొద్దున్నుంచి ఎవరు ఆపినా అదే చూపిస్తోంది మరి. మేనేజర్ చదివి, నా మొహం చూసి నవ్వాడు.

"అన్నా, నీకంటె గీ కార్డే నయం, నిజం చెప్తుంది."

"మేనమామను, పక్కనే ఉంట గద! ఫ్యామిలీ అని మీరే రాసుకున్నరు."

"ఫ్యామిలీ సెక్షనైనా లైసెన్సు బారుదే. పద్దెనిమిది నిండనోళ్లు ఈ తలుపు దాటొద్దు, అయ్యవ్వ ఎంబడున్నా సరే. ఇరవై ఒకటి నిండనోళ్లకు మందు పొయ్యద్దు. రానిచ్చిననుకో, నా కొలువు పోతది."

"పది నిమిషాలు. పెళ్లిచూపులన్నా!"

"గిసోంటియి నాకు కొత్తగాదు. నిరుడు ఒకాయన కొడుక్కు పెన్సిల్‌తోని మీసం దిద్ది తోల్కొచ్చిండు. చెమటకు మీసం గదుమ దాక జారె."

నా చిన్నప్పుడు కల్లు దుకాణానికి ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. పెద్దల పక్కనే మేమూ ఉడికించిన శనగల గుడాలు తింటూ, అడుగున మిగిలింది చప్పరిస్తూ కూర్చునేవాళ్లం. నీకెన్నేళ్లని అడిగినవాడు లేడు. ఆ రోజులే మంచివని మాత్రం అనను. అప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లల్లో ఇద్దరు ఇంకా అక్కడి నుంచి లేవలేదు.

మేనేజర్‌ది తప్పు కాదు. తప్పు నాది. ఆ మాట ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చి, పావనిని ఎదురుగా ఉన్న చెరుకురసం బండి బెంచీ మీద కూర్చోబెట్టాను. "పోన్రి అన్నా, పిల్ల నా కాడ పైలంగుంటది" అంది బండి ఆమె. రసం గ్లాసు ఇరవై. అల్లం ఎక్కువ వేయమంటే వేస్తుంది.

లోపల నీలం దీపాలు, చన్నీళ్లలో మునిగినంత చలి. గాజు తొట్టిలో రెండు చేపలు నిద్రలో నడిచినట్టు తిరుగుతున్నాయి. రాఘవేంద్ర బక్కపలుచని మనిషి, తలవంచి కూర్చున్నాడు. అతని తల్లిది రాయచూరు పుట్టిల్లు, మాటల మధ్య కన్నడం దొర్లుతుంది. ముందు మజ్జిగ గ్లాసు పెట్టుకొని, "బన్ని, కూసోన్రి" అని పిలిచింది. శ్రీలత కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

"పిల్లకు వంట వస్తదా, అడగన్న" అంది రాఘవేంద్ర తల్లి.

నాకొచ్చిన సైగలు ఐదు. అందులో మూడు బర్రెకు సంబంధించినవి. గాలిలో గరిటె తిప్పాను. శ్రీలత వింతగా చూసింది. "అన్నీ వస్తయంటుంది" అని తర్జుమా చేశాను.

"మా ఇంటికాడ మగ్గం చప్పుడు..." అని ఆమె నాలుక కరుచుకుంది. "గద్వాల నచ్చుతదా?"

ఈసారి నా చేతులు ఏం చెప్పాయో నాకే తెలియదు. శ్రీలత తల అడ్డంగా ఊపింది. "శాన నచ్చుతదంట" అన్నాను. అప్పుడు ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. తన నోట్లో నేను నా మాటలు పెడుతున్నానని ఆమెకు అర్థమైంది. మూడోసారీ అందరూ తన చుట్టూ మాట్లాడుకుంటున్నారు. ఈసారి ఆ పని చేస్తున్నది సొంత మేనమామ. శ్రీలత కుర్చీ వెనక్కి జరిపి, లేచి, తలుపు తోసుకొని బయటకు వెళ్లిపోయింది.

"ఏమాయె? పిల్లకు బేడంటనా? ఇష్టం లేదా?" అంది రాఘవేంద్ర తల్లి, గ్లాసు కింద పెట్టి.

అక్క నా వైపు చూసింది. చిన్నప్పుడు ఆమె మొట్టికాయ వేసేముందు అలాగే చూసేది. ఇక దాచి లాభం లేదు. "ఇది బారమ్మా. చిన్నపిల్లను లోపలికి రానియ్యలే. శ్రీలత మాట తెలిసింది ఆ పిల్లకే. నేను చెప్పినయన్నీ అబద్ధాలు."

"బారా!" ఆమె మజ్జిగ గ్లాసును దూరంగా జరిపి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీ మొకం మండ, పెండ్లిచూపులకు బారు దొరికిందిరా నీకు?" అంది అక్క.

రాఘవేంద్ర మాత్రం లేచాడు. "అమ్మా, నువ్ తిను. నేను బయటికి పోయొస్త" అని తలుపు తీశాడు. తోడు పోబోయిన నన్ను అక్క రెక్క పట్టి కూర్చోబెట్టింది.

నల్ల అద్దంలోంచి మిట్టమధ్యాహ్నం కూడా సందెవేళలా కనిపిస్తుంది. బెంచీ మీద నడుమ పావని, అటు శ్రీలత, ఇటు రాఘవేంద్ర. చెరుకు బండి చక్రం తిరుగుతోంది, చప్పుడు లేదు. లారీ పోయింది, చప్పుడు లేదు. శ్రీలత చేతులు లేచాయి. దీపం ఆర్పినట్టు గుప్పిలి మూసి, తన కళ్లకు అరచేయి అడ్డం పెట్టుకొని, ఆ చేతినే అతని వైపు తెరిచింది. పావని అడిగింది.

రాఘవేంద్ర చెప్పాడు: "రాత్రిపూట మగ్గం మీద పోగు తెగితే లైటు ఎయ్యను. ఏలుతోనే ఎతుకుత, దొరుకుతది. నీ మాట గూడ గట్లనే ఎతుకుత. జర ఆలస్యమైతది, ఓపిక పట్టు."

శ్రీలత నవ్వింది. ముగ్గురి చేతులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎవరివి ఎవరివో తెలియకుండా పోయాయి. అలా ఎంతసేపో. లోపల నేను తెప్పించిన కోడికూర చల్లారిపోయింది. చివరికి శ్రీలత తలుపు సగం తెరిచి, వాళ్లమ్మకు కనబడేట్టు ఒక్కసారి తలూపింది. ఆ సైగ అర్థం కావడానికి ఎవరి తర్జుమా అవసరం లేకపోయింది.

బీరు సంగతి నేను ఎత్తలేదు. రాఘవేంద్ర తల్లి మమ్మల్ని ఇల్లు చూసి పొమ్మని పట్టుబట్టింది. రెండింటికి గద్వాల బస్సెక్కాం, పెబ్బేరు మీదుగా గంటన్నర. బీచుపల్లి దగ్గర వంతెన మీదకు రాగానే బస్సులో సద్దు తగ్గింది. కింద కృష్ణ, బండల మధ్య వెలుగు ముక్కలుగా పారుతోంది. గద్వాలలో వాళ్ల ఇంట్లో శ్రీలత మగ్గం చట్రం మీద అరచేయి ఆనించి, నేత నడుస్తున్నంతసేపూ అలాగే నిలబడింది. మేం చెవులతో వింటున్నది ఆమె చేతితో వింటోంది. ఐదున్నరకు తిరుగు బస్సు పట్టుకున్నాం.

ఆ తలుపు గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మేనేజర్ మెత్తబడి పావనిని రానిచ్చి ఉంటే ఆ నీలం దీపాల కింద, ఇద్దరు తల్లులూ నేనూ చూస్తుండగా ఆ ప్రశ్న జరిగేది. జరిగేదో లేదో కూడా తెలియదు. వయసు చాలని పిల్లను బయట నిలబెట్టారని నేను కోపం తెచ్చుకున్నాను. తీరా చూస్తే జరగాల్సిందంతా బయటే జరిగింది. యాభైకి దగ్గరపడ్డ నేను మాత్రం అద్దం లోపల, ఏమీ వినపడకుండా కూర్చున్నాను.

ఈ దారిలో పిల్లలతో పోయేవాళ్లకు ఒక్కటే సలహా: బోర్డు మీద పెద్ద అక్షరాలు చూసి లోపలికి పోకండి. కింది చిన్న అక్షరాలు చదవండి, అనుమానముంటే కుర్చీలో కూర్చోకముందే పిల్లల వయసు చెప్పి అడగండి.

ఇంకొకటి ఒప్పుకోవాలి. తెగిన పోగు, వేలితో వెతకడం, ఓపిక పట్టమనడం, ఆ జవాబు మొత్తం నా కల్పన. ఏమన్నాడని బస్సులో పావనిని అడిగితే, "నీకెందుకు మామా, నువ్వు లోపలున్నవ్ గద" అని కిటికీ వైపు తిరిగింది. అద్దంలోంచి నాకు కనబడింది ఇంతే: ప్రశ్న అడిగాక రాఘవేంద్ర పెదవులు అసలు కదలలేదు. కళ్లు మూసుకొని, ఆమె వైపు అరచేయి చాపాడు.