పారి చూసిన రాయి

మా చిన్నప్పుడు... హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సీతారాండేరాలో మా క్వార్టర్ వెనక, ప్రహరీ గోడ పక్కన చిన్న సిమెంటు గద్దె ఉండేది. దాని మీద పసుపు రాసిన అమ్మవారు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చిన మా వాళ్ళు ఊరి దేవతను వదిలి ఉండలేక అక్కడ నిలుపుకున్నారు. ఆ గద్దె ముందే నేనూ, పక్కింటి పార్వతీ తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. పార్వతిని అందరూ పారి అనేవారు.

ఒకరోజు బడి నుంచి వచ్చి ఆడుతున్నాం... పైనుంచి ఏదో వచ్చి సరిగ్గా గద్దె ముందు ధబ్బున పడింది. కోడిగుడ్డంత రాయి. నల్లగా, గాజులా మెరుస్తోంది. పారి ముట్టుకుంది. నేనూ ముట్టుకున్నాను. వేడిగా ఉంది...

నేను తేరుకునేలోగా పారి రాయి పట్టుకుని మా ఇంట్లోకే పరుగెత్తింది. "నాన్నమ్మా! ఆస్మాన్ సే గిరా! ఆకాశంలోంచి అమ్మోరి కాడ పడ్డాది!"

నేను వెళ్ళేసరికి మా నాన్నమ్మ పారిని ఒళ్ళోకి తీసుకుని ఉంది. "ఒలమ్మా... నా తల్లే! అమ్మోరు నీ కళ్ళకి అగుపడాలనుకున్నాది."

నాన్నమ్మ నా తల దువ్వేటప్పుడు ఎప్పుడూ విసుక్కునేది. చిక్కులు పట్టి లాగేసేది. ఆ సాయంత్రం పారిని పీట మీద కూర్చోబెట్టి, నూనె రాసి, మెల్లగా రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. నా రిబ్బన్లు! నాకోసం సాక్చి బజారులో కొన్నవి...

వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు. ఒకరు పారి చేతిలో కొబ్బరి చెక్క పెట్టారు, ఇంకొకరు దాని నుదుట కుంకుమ దిద్దారు. అది మళ్ళీ మళ్ళీ అదే చెబుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

మా నాన్న ప్లాంటు లాబొరేటరీలో ఇనుము ముక్కలు పరీక్షించే పని చేసేవాడు. డ్యూటీ దిగి వచ్చి, రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, నోటితో సెప్పింది రోజుకోలాగ మారుతాది. ముక్క మారదు. దాన్నే అడుగుదాం" అన్నాడు.

"దేవుణ్ణి సూసినోలు సెప్పబట్టే గదరా మనం దండం ఎడతన్నాం? ఆలేటైనా ముక్క తెచ్చి సూపించినారేటి?" అంది నాన్నమ్మ.

నాన్న నవ్వి నావైపు తిరిగాడు. "సరే, ఇంకో సాక్షిని అడుగుదాం. నువ్వు దీని పక్కనే ఉన్నావు గదమ్మా... పడ్డం సూసినావా? వేడిగా ఉన్నాదా?"

పారి నావైపు చూసింది. భయంగా కాదు... నేను అవునంటానని తెలిసినట్టు చూసింది. దాని భుజాల మీద నా రిబ్బన్లు.

"నేను సూళ్ళేదు నాన్నా" అన్నాను.

మర్నాడు నాన్న ఆ రాయి అంచు కొంచెం కొట్టి లాబొరేటరీకి తీసుకెళ్ళాడు. సాయంత్రం వచ్చి అందరి ముందూ చెప్పాడు. "ఇది స్లాగు. బట్టీలో ఇనుము కరిగినప్పుడు పైకి తేలే చెత్త. ఆకాశం నుంచి పడీది కాదు. పారి గుంట ఎక్కడో ఏరి తెచ్చి కథ అల్లింది."

"సచ్ మే దేఖా చాచా! కసమ్ సే!" అని, నిజంగానే చూశానని ఒట్లు పెట్టుకుంటూ పారి ఏడ్చింది. వాళ్ళమ్మ అందరి ముందే దాని వీపు మీద రెండు వేసింది. బడిలో పిల్లలకి తెలిసిపోయింది. ఆ రోజు నుంచి దాన్ని పేరు పెట్టి పిలవడం మానేసి, "ఝూఠీ, ఝూఠీ" అని వెంటపడేవారు. అబద్ధాలకోరు అని.

ఇక నాన్నమ్మ నా దగ్గరికే వస్తుందనుకున్నాను. రాలేదు. "రాయి ఏటైనా అవనీ. ఆ గుంట కళ్ళు అబద్ధమాడవు" అని మళ్ళీ పారినే పిలిచి జడలు వేసింది. నా కళ్ళ గురించి ఏమీ అనలేదు.

కొన్నాళ్ళకి ప్రహరీ అవతలి రోడ్డు మీద నడుస్తున్నాను. స్లాగు నింపుకున్న లారీ ఒకటి గోతిలో పడి ఎగిరింది. పైనున్న ముక్కొకటి గాల్లోకి లేచి, గోడ దాటి, మా పెరట్లో పడింది.

అక్కడే నిలబడిపోయాను. అది స్లాగని నాన్న చెప్పిందీ నిజమే, పైనుంచి పడిందని పారి చెప్పిందీ నిజమే. ముక్క తానేమిటో చెప్పింది గానీ, ఎలా వచ్చిందో చెప్పలేకపోయింది. అది చెప్పడానికి చూసినవాళ్ళు కావాలి. పారి కాక చూసినదాన్ని నేనే.

అయినా నోరు విప్పలేదు. విప్పితే మళ్ళీ అందరూ పారినే నెత్తిన పెట్టుకుంటారని... ఆ ఏడాదే పారి వాళ్ళు బిర్సానగర్ వెళ్ళిపోయారు.

మొన్న అగ్రికోలో ఒక పెళ్ళిలో పారి కనబడింది. జుట్టు సగం నెరిసింది. భోజనాల దగ్గర పక్కన కూర్చుని, లారీ సంగతితో సహా అంతా చెప్పేశాను.

అది తినడం ఆపలేదు. "నువ్వు సూసినావని నాకు తెల్సే. ముట్టుకున్నావు గూడా."

"మరి ఆవేళ ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే, అబద్ధమాడినావని నిన్ను గూడా కొడతారు గదా" అంది. అన్నం కలుపుకుంటూ మళ్ళీ అంది... "లారీలోంచే పడ్డాది అనుకో. అంత పెరడుండగా అమ్మోరి ముందరే ఎందుకు పడాల? నాను సూసినాను. నాకది సాలు."

తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళూ 'ఝూఠీ' అనిపించుకుని కూడా దానికి తన కళ్ళ మీద అంత నమ్మకం... లాబొరేటరీ మనిషి కూతురిని, నాకు దేని మీదా అంత నమ్మకం లేదు. నిజం చెబుతున్నాను, ఈ వయసులో కూడా దాన్ని చూసి కుళ్ళుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏం చెప్పినా, "వీడియో ఉందా?" అని అడుగుతున్నాం. లేకపోతే చూడనట్టే లెక్క... పక్కనున్న మనిషి అవునంటే చాలనుకునే రోజులు పోయాయి.

మీ చిన్నప్పుడు మీరు కళ్ళారా చూసినా, ఎవరూ నమ్మనిది ఏదైనా ఉందా? ఇక్కడ రాయండి... నేను రుజువు అడగను.