నాయనమ్మ మొక్కిన గుండు

మా చిన్నప్పుడు... తిరునాళ్లంటే పిల్లలంతా ఎగిరి గంతేసేవాళ్లు. ఆ ఏడు నేను మాత్రం ఎడ్లబండిలో ఓ మూల, నా జడ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఎందుకంటే... అది కొండకి వెళ్తే మళ్లీ నాతో తిరిగి రాదు.

అంతకుముందు వానాకాలంలో నాకు పెద్ద జ్వరం వచ్చింది. మా నాయనమ్మ మంచం పక్కన కూర్చుని, పిల్ల లేచి తిరిగితే గుండు ఇస్తానని దేవుడికి మొక్కేసింది. మొక్కేమో ఆవిడది, గుండేమో నాది! జ్వరం తగ్గింది. జుట్టు చూస్తే నడుం దాకా... మా బడిలో అంత జడ ఇంకెవరికీ లేదు. దాన్ని చూసుకుని నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆడపిల్ల కదా, కొసలు కత్తిరించి మూడు కత్తెరలు ఇస్తే సరిపోతుందని అమ్మ బతిమాలింది. నాన్న కూడా మెల్లిగా గొణిగాడు. నాయనమ్మ వింటేనా...

"మాటంటే మాటే. గుండు అన్నా, గుండే" అంది.

రొంపిచెర్ల దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

కొండ కింద జనం, ఆకాశాన్ని అంటే వెదురు ప్రభలు, రంగులరాట్నం, జీళ్ల పాకం వాసన... ఏడవటం మర్చిపోతున్నానని నామీద నాకే కోపం వచ్చింది. ఇంతలో ఓ కేక వినబడింది. రండి బాబూ రండి... గుండు కావాలా, పెల్లెట్టు కావాలా... అని.

నాయనమ్మ చెవిన 'గుండు' పడటమే ఆలస్యం. నా రెక్క పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్లి, అక్కడున్న స్టూలు మీద కూర్చోబెట్టేసింది. ఆ కొట్టు మస్తాన్ అనే ఆయనది. మామూలు రోజుల్లో నరసరావుపేటలో సైకిళ్లు బాగుచేసేవాడు, తిరునాళ్లకి మాత్రం పిస్తోళ్లతో బుడగలు కొట్టించే కొట్టు పెట్టేవాడు. ఆయన మామూలుగానే, గుండా పెల్లెట్టా పెద్దమ్మా అని అడిగాడు.

"పిల్లకి గుండే. పిల్లట్టు తరవాత తింటదిలే. ముందు తల తడపను నీళ్లు తే" అంది నాయనమ్మ.

పాపం మస్తాన్ బాబాయికి ఏమీ అర్థం కాలేదు. బల్ల మీది పిస్తోలు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇదేందయ్యా, గుండు చెయ్యమంటే పిల్ల చేతికి తుపాకి ఇస్తన్నావు?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. నాన్నకైతే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. అంత ఏడుపులోనూ నేనూ నవ్వాను. నాయనమ్మ కాస్త సిగ్గుపడింది కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఏమిటో చూపించమని కొంగు నడుముకి బిగించింది.

ఆయన దగ్గర గాలి పిస్తోళ్లు రెండు రకాలు. ఒకదాంట్లో సైకిల్ ఇరుసులో వేసే ఉక్కు గుండ్లు పోస్తారు. తేలిక, పిల్లలు కూడా కొట్టొచ్చు, కానీ గుండు తిన్నగా పోదు. కొట్టు రేకుకి తగిలితే ఎగిరి మన మీదకే వస్తుందని బుడగల వెనక గోనెపట్టా కట్టాడు. రెండోది పెల్లెట్టుది. సీసం ముక్క, నడుం దగ్గర సన్నగా ఉండి కింద గౌనులా విచ్చుకుని ఉంటుంది. సూటిగా పోయి అతుక్కుంటుంది, కానీ ప్రతిసారీ గొట్టం కిందికి వంచి, ఒక్కొక్కటే పెట్టుకోవాలి. ఆ గొట్టం వంచటానికి నాన్నకే చెమటలు పట్టాయి. ఆయాసపడి కొడితే ఓ బుడగ పగిలింది. అందుకే పెల్లెట్టుదే గొప్పదని తేల్చేశాడు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలిన మనిషి. గుండు పిస్తోలు తీసుకుని ఒకటి పేల్చింది. అది పక్కకి పోయింది. ఎటు పోయిందో ఓ క్షణం చూసింది. ఈసారి బుడగకి గురిపెట్టకుండా దాని పక్కన ఉన్న ఖాళీకి పెట్టింది... టప్! ఎర్ర బుడగ పోయింది. తర్వాత పచ్చది కూడా.

"గుండుది తప్పేం లేదు. అది కాస్త పక్కకి పోతది, మనవే సర్దుకోవాల" అంది.

మస్తాన్ బాబాయి సంబరపడిపోయి ఓ ఉక్కు గుండు ఆవిడ చేతిలో పెట్టాడు. అది అరచేతిలో దొర్లుతుంటే చూసుకుంది. నా జడ వంక చూసింది. మళ్లీ గుండు వంక చూసింది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

చివరికి మంగలి ముందు కూర్చున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. నీళ్లు పడతాయనుకుంటే... కిచ్, కిచ్, కిచ్. కళ్లు తెరిస్తే జడ నడుం మీదే ఉంది! ఈసారి మూడు కత్తెరలు చాలని మంగలికి చెప్పింది అమ్మ కాదు, నాయనమ్మే.

నేరుగా హుండీ దగ్గరకి తీసుకెళ్లింది. కొంగు ముడి విప్పి ఆ ఉక్కు గుండు లోపల వేసింది. టంగుమంది.

"సామీ, గుండు ఇస్తానన్నా, ఇచ్చేశా. ఏ గుండో నువ్వూ అడగలా, నేనూ చెప్పలా" అంది.

ఆవిణ్ణి అంతగా వాటేసుకోవటం నాకు అదే మొదలు. వచ్చేటప్పుడు పిల్లట్టు ఏదీ అని నేను ఏడిపిస్తే, ఇంటికొచ్చి నిజంగానే చిన్న చిన్న అట్లు పోసింది. అప్పట్నుంచీ మా ఇంట్లో చిన్న అట్టుని పెల్లెట్టనే అంటాం.

ఇప్పుడు ఏ అంగట్లో చూసినా ప్లాస్టిక్ గుండ్ల పిస్తోళ్లే... పిల్లలు ఫోన్లలోనే కాల్చేసుకుంటున్నారు. నా జుట్టూ నెరిసింది, పలచబడింది. అయినా పొద్దున్నే దువ్వెన పట్టుకుంటే చాలు... హుండీలో ఆ టంగుమన్న చప్పుడు వినిపిస్తుంది. నా కోసం దేవుడితోనే బేరమాడిన మనిషి ఇప్పుడు లేదు.

మీ ఇళ్లలోనూ దేవుణ్ణి ఇలా మాటల్లో పెట్టిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల సంగతులు కాస్త చెప్పరూ, విని నవ్వుకుంటాను.