సీసా చిక్కబడిన చలికాలం

షాంపూ ప్యాకెట్ మీద 'ఇక్కడ చింపండి' అని రాసినవాడు ఆ ప్యాకెట్‌ను తడిచేత్తో ఒక్కసారైనా చింపి ఉండడని నా అనుమానం. చూపించిన చోట తప్ప అన్నిచోట్లా చిరుగుతుంది. చివరికి పళ్లతో కొరకడం, సగం నోట్లోకి, సగం నెత్తిమీదికి. ఈ విషయమై ఎవరికైనా ఉత్తరం రాయాలని ఏళ్లుగా అనుకుంటున్నాను. నలభై ఆరేళ్లు వచ్చాయి, ఇంకా రాయలేదు.

అలాంటివాడే ఇంకొకడు ఈ-సిగరెట్ కార్ట్రిడ్జికి అడుగున ఆవగింజంత రంధ్రం పెట్టి, పెట్టె మీద 'సులభంగా నింపుకోవచ్చు' అని రాశాడు. పోయిన చలికాలంలో నా ఆదివారాలన్నీ ఆ రంధ్రం ముందే గడిచాయి.

నింపింది నాకోసం కాదు, మా మేనమామ కోసం. ఆయనది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉండే ఊరు. నోట్లో చుట్ట లేకుండా ఆయన ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది, ఆధార్ కార్డు మీద. వానలు వెనకబట్టాక ఖమ్మం దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇట్లాగే తాగితే ఇంట్లో మిషన్ పెట్టుకొని గాలి పీల్చుకోవాల్సి వస్తుందన్నాడు.

"ఆ మిషన్ను చేనుకాడికి మోసుకపోనిస్తరా సారూ?" అని అడిగాడు మామ.

ఆయన బాధంతా చేనే. ఊరి పైన వాలులో తనూ అత్తమ్మా మోడులు పెరికి చేసుకున్న పోడు, ఎన్నో ఏళ్ల తర్వాత పట్టా చేతికొచ్చింది. పట్టా వచ్చేనాటికి అక్కడికి నడిచే ఊపిరి పోతోంది. అరగంట బాటలో మూడుచోట్ల ఆగుతున్నాడు. వాగు దగ్గర, నల్లబండ దగ్గర, ఇప్పచెట్టు దగ్గర.

సిగరెట్లు మానేసిన హైదరాబాద్ స్నేహితుడొకడు తన ఈ-సిగరెట్టునూ, దాంట్లో పోసే నికోటిన్ మందు సీసాలనూ నాకు దానం చేశాడు. మన దేశంలో అమ్మకూడని వస్తువది. ఎక్కడ కొన్నావని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మా స్నేహం అలాగే నిలబడుతూ వస్తోంది. డాక్టరు ఇది వాడమనలేదు. ఏమంటాడో తెలుసు కాబట్టి నేనూ అడగలేదు. నేను ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఆ చలికాలం ప్రభుత్వానికీ, కెమిస్ట్రీకీ రెంటికీ అన్యాయమే చేశాను. నేను తాగే సిగరెట్ల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మొదటిసారి పీల్చి మామ ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందిరా అల్లుడా ఇది, జలుబుకు ఆవిరి పట్టినట్టున్నది. దుప్పటొక్కటే తక్కువ."

అయినా అత్తమ్మ ముఖం చూసి ఒప్పుకున్నాడు. ఆమె అప్పటికే ఇంట్లోని చుట్టలన్నీ పొయ్యిలో వేసేసింది. వాటిని అలా కాల్చడం మామకు నచ్చలేదు. తన నోట్లో కాలాల్సినవి అనవసరంగా పొయ్యిలో కాలాయని ఆయన అభిప్రాయం.

రెండో ఆదివారం వెళ్లేసరికి, మామ దగ్గరే ఉంచిన సీసాలో మందు చిక్కబడింది. నింపే సిరంజిలోకి ఎక్కదు, ఎక్కితే దిగదు. చలికి ఆముదం కూడా ఇంతే కదా అనుకున్నాను. అత్తమ్మ వార్చిన గంజిలో సీసాను నిలబెట్టి వెచ్చజేశాను.

"ఆ గంజి బర్రెకు పొయ్యాలె అల్లుడా. రేపు అదిగూడ చుట్ట అడుగుతే నువ్వే ఇయ్యాలె మరి," అంది అత్తమ్మ.

వేడికి కాస్త పలచనయ్యాక, కార్ట్రిడ్జిని వంచి పట్టుకొని దాని లోపలి గోడవెంట ఒక్కొక్క బొట్టే జార్చాలి. తొందరపడితే గాలిబుడగ అడ్డంపడి మొత్తం వేళ్ల మీదికి కక్కుతుంది. నింపాక లోపలి దూది నానేదాకా నిలువుగా పెట్టి వదిలేయాలి. చిక్కటిది జల్దీ నానదు. నానకముందే పీలిస్తే దూది మాడి గొంతు పట్టుకుంటుంది. ఇదంతా మామకు పాఠంలా చెప్పాను. ఆయన బుద్ధిగా విని, నానకముందే పీల్చేవాడు.

"మాడు వాసన రావట్లేదా మామా?"

"అవ్, వస్తున్నది. ఇప్పుడు కుదిరింది చూడు."

నా చేతి నైపుణ్యానికి అది మెప్పు అనుకున్నాను. సీసా రంగు తేనెలా మారింది, తర్వాత టీ డికాషన్‌లా అయింది. వెలుతురు తగిలితే కొన్ని పదార్థాలు రంగు మారతాయని అత్తమ్మకు వివరించాను. క్లాసులో పిల్లలు కూడా నా మాట అంత శ్రద్ధగా వినరు.

ఒక్కటే మింగుడుపడలేదు. చుట్టలు మానిన మనిషి, బాటలో మూడుచోట్ల ఆగేవాడు, నాలుగుచోట్ల ఆగుతున్నాడు. చలి వెనకపడుతోంది, మందు మాత్రం ఇంకా చిక్కబడుతోంది.

ఒక ఆదివారం పొద్దుటి బస్సు దొరికి, ఎప్పటికన్నా గంట ముందే దిగాను. మామ అరుగు మీద పళ్లెం ముందేసుకొని కూర్చున్నాడు. పళ్లెంలో చుట్టలకు వాడే లంక పొగాకు నలిపి ఉంది, దాని మీద బెల్లం నీళ్లు. పాత ధోవతి ముక్కలో ఆ పొగాకును వేసి పిండుతున్నాడు. కింద నా సీసా.

"మామా, గిదేంది?"

ఆయనేమీ ఉలిక్కిపడలేదు. "పదును పెడుతున్న. ఎండిన పొగాకు మీద బెల్లం నీళ్లు చల్లకుంటె కారం నిలుస్తదా? మీ పట్నం మందు ఉత్త చప్పిడి. పదును చేయడం తెల్వక అట్లనే అమ్ముతున్నరు, పాపం."

మూడు నెలలు. గంజిలో వెచ్చజేసి, బుడగ రాకుండా బొట్టుబొట్టుగా, వారం వారం ఆయన ఊపిరితిత్తుల్లోకి పొగాకు పాకం పోసింది నేనే. బెల్లాన్ని కాలిస్తే ఏమవుతుందో పదోతరగతి పిల్లాడు చెప్తాడు.

పొయ్యి దగ్గరనుంచి అత్తమ్మ వచ్చింది. సీసానూ, ఆ గొట్టాన్నీ కొంగులో చుట్టుకొని పోయి పెంటకుప్పలో లోతుగా పాతి, చేతులు కడుక్కొచ్చింది. ఆ తర్వాత ఇద్దరికీ టీ ఇచ్చింది. బెల్లం వేయలేదు, చక్కెరా వేయలేదు.

మామ పూర్తిగా మానేశాడని నేను చెప్పలేను. పక్కింటాయన చుట్ట ముట్టించినప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసి కూర్చుంటాడని విన్నాను. కానీ ఎండాకాలం, తునికాకు కోతలు మొదలైన రోజుల్లో వెళ్తే, "చేను చూపిస్త రా," అన్నాడు. చేతిలో కర్ర కూడా లేదు.

వాగు దాటి ఆయన ఆగకుండా పైకెక్కాడు. నల్లబండ దగ్గర కూడా ఆగలేదు. నేను ఆగాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగితే, చొక్కా జేబులోని సిగరెట్ పెట్టె జారి ఎండుటాకుల్లో పడింది. దాన్ని తీసుకోవడానికి ఊపిరి చాలక బండ మీద కూలబడ్డాను.

మామ పదడుగులు వెనక్కి దిగొచ్చాడు. పెట్టెను తీసి దుమ్ము దులిపి, నా ఒళ్లో పెట్టాడు. నేను దగ్గడం అయిపోయేదాకా ఆగాడు.

"నీ దాంట్ల ఎవడు కలిపిండ్రా బెల్లం?" అన్నాడు.