కనుబొమల నడుమ

రెజీనా నొసట, సరిగ్గా కనుబొమల నడుమ, చింతగింజంత నల్లమచ్చ ఉండేది. ఏడు నెలల పిల్లప్పుడు ఫిట్స్ వచ్చి కళ్లు తేలేస్తే, వాళ్లమ్మ కృపమణి పసుపు కొమ్ము కాల్చి అక్కడ వాత పెట్టింది. పాప బతికింది, మచ్చ మిగిలింది.

ముప్పై ఐదేళ్లుగా దానికి జవాబు చెప్పి చెప్పి రెజీనా విసిగిపోయింది. బద్వేలు బస్సులో పక్క సీటామె, "బొట్టు చెదిరింది, సరిచేసుకోమ్మా" అనేది. బొట్టు పెట్టుకోని సంఘం వాళ్లది. చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు, "ఏమ్మా, బొట్టుతోనే ప్రార్థనకొచ్చినావే!" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు. ఆమె పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలైతే తడిగుడ్డ తెచ్చి తుడవబోయేవాళ్లు.

అదంతా ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది అమ్మ చూపునే. కృపమణి కూర గురించి మాట్లాడినా, రాని వాన గురించి మాట్లాడినా, ఆమె కళ్లు మచ్చ మీదే వాలేవి. ఎండిన పెన్నలోకి పాత అలవాటుగా దిగే కొంగల్లా.

కడపలో ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టరమ్మ మచ్చను వేలితో తడిమింది. "అద్దంలో చూసుకుంటే నీకు బాగలేదనిపిస్తాందా?"

"నాకు అలవాటైపోయింది మేడం. మాయమ్మ నా మొగం చూడాల. ఇంతవరకూ చూడలే."

మచ్చ కోసి కుట్లేశారు. ఆరు నెలలు ఎండ తగలకూడదన్నారు. కడప ఎండల్లో! గొడుగేసుకుని, నొసట ప్లాస్టరుతో తిరిగితే ఊరంతా అడిగిందే అడిగింది: "ఏమ్మా, యాడ పడినావు?" ఆమెకు మచ్చే నయమనిపించింది.

చివరికి వెంట్రుకంత గీత మిగిలింది. ప్లాస్టరు తీసేసిన ఉదయం శనక్కాయలు వొలుస్తున్న తల్లి ఎదుట రెజీనా చతికిలబడింది.

"మా, ఇప్పుడు చూడు."

కృపమణి కళ్లద్దాలు తుడుచుకుంది. చూపు నేరుగా పోయి పాత చోటే వాలింది.

"యాడ చూస్తాండావు? ఆడ ఏమీ లేదు గదా!"

"లేదులే పాపా."

"మళ్లీ ఆడనే!"

కృపమణి వేలితో ఆ గీతను తాకింది. "ఆ పొద్దు నువ్వు ఏడవను కూడా లేదు. శానా కాలిందా?"

"ఏడు నెలల పిల్లకు ఏం గుర్తుంటాది మా! దుడ్లు పోసి, ఎండకు దాక్కుని, కుట్లేయించుకునింది ఇందుకేనా?" రెజీనా ముందుకు జరిగింది. తల్లి గడ్డం పట్టుకుని, ఆ తలను రవ్వంత కిందికి దించింది. "ఈడ. నా కండ్లు ఈడుండాయి."

కృపమణి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎర్రగుండాయే," అంది. "రాత్రి నిద్రపోలేదా పాపా?"