చచ్చిన ఎద్దు మేసిన కథ

మా చిన్నాయన పోయాడని మొన్న పూతలపట్టు నుంచి తిరుపతిలో నేను పనిచేసే ఆఫీసుకు ట్రంకాల్ వచ్చింది. సెలవు చీటీ రాస్తుంటే పక్క సీటాయన, "ఏం చేస్తుండేవాడప్పా మీ చిన్నాయన?" అని అడిగాడు. "హైస్కూల్లో లెక్కల సారు" అన్నాను. కథలు కూడా రాసేవాడని చెప్పాలి. సిగ్గేసి, చెప్పకుండా చీటీ మీద సంతకం పెట్టేశాను. ఆ సిగ్గు నాది, ఆయనది కాదు. అది ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తు.

నేను కాలేజీలో చేరిన ఏడు, చిత్తూరు లైబ్రరీలో కథలు చదివే సభ ఉంటే నన్నూ వెంటబెట్టుకుపోయాడు. ఆయన కథలో ఒక రైతు, ఒక ఎద్దు. వానలు పడక రెండో పేజీలో ఎద్దు చచ్చిపోతుంది. రైతు పెళ్ళాం ఏడ్చే చోట చిన్నాయన గొంతు కూడా వణికింది. నాలుగో పేజీకి వచ్చేసరికి అదే ఎద్దు గట్టు మీద మేస్తోంది.

"సచ్చిన ఎద్దు మేస్తా ఉండాదే సారూ" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా నవ్వు. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. చిన్నాయన కాగితం వెనక్కి తిప్పి చూసి, "అవునబ్బా, నేను సూసుకోలేదు" అని తానూ నవ్వాడు. మిగిలిన కథ కూడా చదివే దిగాడు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక, "మళ్ళీ రాస్తావా చిన్నాయనా? నీకు సిగ్గు కాలేదా?" అన్నాను.

"అయింది. ఇంగా అయితానే ఉండాది. ఈడ్నే నా పక్కన కూచోనుండాది. కూచోనీలే, నేను రాసుకుంటా ఉంటా" అని జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఆ ఎద్దు సావకుండా ఉంటే ఏమైతాదో సూస్తామా?"

అలా అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషానికి నాకు ఒళ్ళు మండింది.

ఆ ఒక్క కథనే ఏళ్ళ తరబడి రాశాడు. పొద్దున బడికి పోయేముందు నాలుగు వాక్యాలు. కొన్ని రోజులు అవీ కొట్టేసేవాడు. ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగా లోపల ఒక్కడే నవ్వుకుంటుంటే, చిన్నమ్మ వంటింట్లోంచి, "ఎవురితో నగుతా ఉండావు?" అంది.

"ఎద్దుతో మే. లేసి నిలబడింది."

చివరికి అదే హాల్లో మళ్ళీ చదివాడు. పనుందని తప్పించుకోబోయి, చిన్నమ్మ చూసిన చూపుకు నేనూ పోయాను. ఆయన కాగితాలు విప్పగానే నేను మళ్ళీ తల దించుకుని చెప్పులు చూసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఒక ముసలాయన లేచి, "ఆ ఎద్దును అమ్మేసినారా సారూ, పెట్టుకున్నారా?" అని అడిగాడు. చిన్నాయన కాగితాలు మడుస్తూ, "నాకింగా తెలీదప్పా. ఇంటికి పొయ్యి సూస్తా" అన్నాడు.

నేనూ కథలు రాస్తాను. నవ్వుతారేమోనని ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు, ఆయనకు కూడా. నలుగురి ముందుకు తెస్తున్నది ఇదే మొదటిది. ఇప్పుడు కూడా చెయ్యి ఆగి ఆగి సాగుతోంది.

పోయిన నెల చిన్నాయనను చూడటానికి పోతే, బస్సెక్కించడానికి పూతలపట్టు కూడలిదాకా వచ్చాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. చెరుకు బండ్లు పోతున్న రోడ్డు పక్కన, భుజం మీది తువ్వాలు జారిపోతున్నా పట్టించుకోకుండా, ఏదో వాక్యాన్ని పెదవుల మీద మెల్లగా పలికి చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.