మూడొందల్లో పోయిన సున్నా

మన బడి గ్రూపులో అందరూ "లెక్కల మాస్టారి దెబ్బల వల్లే బాగుపడ్డాం" అంటుంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. పొద్దున పెరట్లో దొండాకు నలిగి ఆ పచ్చివాసన రాగానే రాయకుండా ఉండలేకపోయాను.

గుర్తుందా, తిరువూరులో మన పలకలు దొండాకుతోనే తుడిచేవాళ్ళం. పదితో గుణిస్తే చివర సున్నా పెట్టాలి, భాగిస్తే ఒక సున్నా చెరపాలి. మూడు వందల్ని పదితో భాగించమంటే నేను ఆకుతో రుద్దాను. ఆ తడికి రెండు సున్నాలూ పోయి మూడే మిగిలింది.

ముప్ఫై అని సరిగ్గా చెప్పింది నా పక్కన కూర్చునే మస్తాన్‌బీ. సరిగ్గా చెప్పినవాళ్ళు తప్పినవాళ్ళ ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి కదా. అది మెల్లగా తట్టింది.

"బుగ్గ నిమురుతున్నావా? ఇట్టా కొట్టాలి" అని మాస్టారు దాన్ని లాగి కొట్టారు. చెవి కమ్మ ఊడి నేల మీద పడింది. అయినా మళ్ళీ మెల్లగానే తట్టింది. మళ్ళీ కొట్టారు.

"కొట్టవే, నీకు దణ్ణం పెడతా" అన్నాను నేనే.

కళ్ళు మూసుకుని కొట్టింది. నా ముక్కులోంచి రక్తం పలక మీద కారింది.

ఇంటికెళ్తూ అది మాటిమాటికీ ఆగి నా ముక్కే చూస్తుంటే, "ఎండకి నాకెప్పుడూ ఇట్టాగే కారుద్దిలేవే" అన్నాను. ఆ అబద్ధానికి దేవుడేమీ అనుకోడని నా నమ్మకం. ఇప్పటికీ ఎండాకాలం వస్తే ఫోన్ చేసి "ముక్కు జాగ్రత్తే" అంటుంది.

ఇది మీ దగ్గరే ఉంచుకోండి. అది ఈ గ్రూపులో లేదుగా, దానికి మాత్రం చూపించకండి.